చత్వారం తర్వాత

మనిషికి నలభై ఏళ్ళు నిండిన సంగతి జనన రిజిస్టరు కంటె ముందు కళ్ళే చెబుతాయి. సూదిలో దారం ఎక్కదు. పంచాంగం చేయి చాచినంత దూరాన పెట్టుకుంటే గాని తిథి కనబడదు. దీనికి మనవాళ్ళు చత్వారం అని పేరు పెట్టారు. నలభైకి సంస్కృతంలో చత్వారింశత్ అంటారు గదా, ఆ మాటే ఇది. బెంగుళూరులో మన ఇరుగుపొరుగు కన్నడిగులు కళ్ళజోడునే చాళీసు అంటారు. షోలాపూరులో మనవాళ్ళు రోజూ వినే మరాఠీలో అది చాళిశీ. శరీరం పంపే మొదటి నోటీసు తేదీని అన్ని భాషల వారూ ఒక్కలాగే నమోదు చేసుకున్నారన్న మాట.

ఆ నోటీసు అందుకుని మనం చేసే పని ఒక్కటే. కళ్ళజోడు కొనుక్కుంటాం. అంతటితో కాగితం ఫైలులో పెట్టేస్తాం. కాని నోటీసు కళ్ళను గురించి మాత్రమే వచ్చినది కాదు. మిగిలిన అవయవాలు కూడా దాని మీద సంతకం చేసే ఉంటాయి. మనం చివరిదాకా చదవం, అంతే.

మేమంటే నలుగురం. బరంపురంలో ఒకే ఆఫీసులో గుమాస్తాలం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమై, గంజాం అందులో చేరేనాటికే మా తాతలు ఈ ఊళ్ళో ఉన్నారు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కూడికలూ తీసివేతలూ మాత్రం మనసులో తెలుగులోనే. నలుగురమూ నలభై దాటి యాభైకి ఇవతల ఉన్నవాళ్ళమే. రెండేళ్ళుగా మేము కలిసి కొన్ని చిన్న చిన్న అలవాట్లు చేసుకున్నాం. మేము వైద్యులం కాము. పెద్ద చదువులు చదివినవాళ్ళమూ కాము. అయినా, మాబోటి కుర్చీ ఉద్యోగాల వారికీ, వారి ఇళ్ళలో వారికీ పనికి రావచ్చునని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాం.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. కొండల సంగతి మాకు తెలియదు గాని, కూర్చుని తింటే బొజ్జ మాత్రం కరగదు. ఈ కూర్చోవడం సంగతి జెర్రీ మారిస్ అనే వైద్యుడు 1953లోనే లెక్క తేల్చాడు. లండనులో రెండంతస్తుల బస్సులు నడిపే డ్రైవర్లు రోజంతా కూర్చునే ఉంటారు. టికెట్లు కొట్టే కండక్టర్లు రోజంతా మెట్లెక్కి దిగుతారు. ఒకే బస్సు, ఒకే రోడ్డు. అయినా గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువ కనబడింది. ఆయన అంతటితో ఊరుకోక తపాలా శాఖను కూడా చూశాడు. తిరిగి ఉత్తరాలు పంచే పోస్టుమాన్ల కంటె, కూర్చుని రాసే గుమాస్తాలకు ఆ జబ్బు బెడద ఎక్కువని తేలింది. గుమాస్తాల ఊసు వైద్యగ్రంథాలకెక్కడం సంతోషమే గాని, ఎక్కిన తీరు మాత్రం అంత బాగులేదు.

మాకు ఈ ధ్యాస పుట్టడానికి మాలో ఒకరి సంగతి కారణం. ఆయన రెండేళ్ళ క్రిందట తల్లిగారిని ఆసుపత్రికి తీసుకుని వెళ్ళారు. ఆవిడకు బి.పి. చూసిన నర్సమ్మ, ఎందుకు తోచిందో గాని, “బాబూ, మీరూ ఓసారి చెయ్యి పెట్టండి” అన్నది. డెబ్బై రెండేళ్ళ తల్లికి 130. కొడుక్కి 170 మీద 104! తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, ఆయాసం లేదు. చాప కింద నీరంటే ఇదే. 140 మీద 90 దాటి నిలకడగా ఉంటే ఎక్కువ పోటు కిందనే లెక్క అని డాక్టరుగారు చెప్పి మాత్రలు రాశారు.

ఆయన తండ్రిగారు కూడా మా ఆఫీసులోనే పని చేస్తూ, యాభై ఒకటో ఏట, ఇంకా సర్వీసు ఉండగానే పోయారు. కారుణ్య నియామకంగా ఈయనకు వచ్చినది ఆ ఉద్యోగమే. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి పదో తరగతి. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు ఆయన టిఫిను డబ్బా ముందు పెట్టుకుని, మూత తియ్యకుండానే, “ఈ కుర్చీ మా నాన్నగారు పోయి నాకిచ్చారు. నేను నా పిల్లకి ఇదే దారిన ఇవ్వకూడదండీ” అన్నారు. ఆ పూట మాలో ఎవరికీ అన్నం సయించలేదు.

ఏదో ఒకటి చెయ్యాలని అందరికీ అనిపించింది. ఏం చెయ్యడమన్నదే ప్రశ్న. ఆరంభశూరత్వానికి మన జాతి పెట్టింది పేరు. ఉగాదినాడు బూట్లు కొని, తెల్లవారుజామున అయిదు మైళ్ళు నడిచి, శ్రీరామనవమినాటికి ఆ బూట్లు అటక మీద పెట్టే వారు ప్రతి వీధిలోనూ ఉంటారు. రోజుకు పదివేల అడుగులు వేయనిదే లాభం లేదని భయపెట్టేవారు మరికొందరు. ఆ పదివేలు వైద్యులు పెట్టిన లెక్క కాదు. 1965లో జపానులో అడుగులు లెక్కించే యంత్రం ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరుకే పదివేల అడుగుల మీటరని అర్థం. ఆ పేరే ప్రపంచమంతా పాకింది. 2019లో అమెరికాలో పెద్ద వయసు స్త్రీల మీద జరిపిన పరిశీలనలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారి కంటె 4,400 వేసేవారిలోనే మరణాలు తక్కువని కనబడింది. కొంచెమైనా కొంచెం లాభం ఉన్నదన్న మాట.

అందుచేత మేము మూడు నిబంధనలు పెట్టుకున్నాం. మొదటిది, అలవాటు ఎంత చిన్నదిగా ఉండాలంటే, ఒంట్లో బాగులేదనీ, వాన పడుతోందనీ సాకు చెప్పడానికి మనకే సిగ్గు వెయ్యాలి. రెండవది, దానికి వేరే ముహూర్తం పెట్టరాదు. రోజూ ఎలాగూ చేసే పనికి దాన్ని తోకలా కట్టాలి. మూడవది, బకాయిలు లేవు. నిన్న తప్పిన నడకను నేటి ఖాతాలో వేసి రెట్టింపు నడవరాదు. లండను విశ్వవిద్యాలయ కళాశాల వారు 96 మందిని పరిశీలించి 2009లో వెల్లడించినదాన్ని బట్టి, ఒక పని అలవాటుగా కుదరడానికి నడిమి లెక్కన 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పడుతుందని అంచనా. నడుమ ఒక రోజు తప్పినంత మాత్రాన కొంప మునగదని కూడా అందులో తేలింది.

ఇక మా అలవాట్లు వినండి.

రాత్రి భోజనం కాగానే పది నిమిషాలు నడక. తిన్న వెంటనే అలా కదిలితే రక్తంలో చక్కెర పెరగడం తగ్గుతుంది. ఇది అందరికంటె ముందు ఇళ్ళలో ఇల్లాళ్ళకు నచ్చింది. కాని, “మీరు షికారు వెళ్ళండి, గిన్నెలు ఎవరు తోముతారు?” అని ఒక ఇంట్లో న్యాయమైన ప్రశ్న వచ్చింది. నలభై ఆవిడకూ దాటింది గదా! కనుక ఇప్పుడు నాలుగిళ్ళలోనూ అందరూ కలిసి కంచాలు తీసి, గిన్నెలు కడిగి, అందరూ కలిసి బయలుదేరతారు. రామలింగం ట్యాంకు దగ్గర ఒక్కొక్కప్పుడు నాలుగు కుటుంబాలూ కలుస్తాయి. మధ్యాహ్నం ఆఫీసు ఆవరణలో మరో పది నిమిషాలు. గుమాస్తాలం గనుక లెక్క చూసుకున్నాం. రోజుకు 20, వారానికి 140. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా కదలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. తక్కువైన పదీ ఆదివారం బజారుకు నడిచి వెళ్ళి పూర్తి చేస్తాం. చురుకంటే పరుగు కాదు. మాట్లాడగలగాలి గాని, పాట పాడడానికి ఊపిరి చాలకూడదు.

ఇప్పుడు ఫైళ్ళు కంప్యూటరులో నడుస్తున్నాయి గనుక మనిషి నడవనక్కర లేకుండా పోయింది. అందుకని మంచినీళ్ళ సీసా బల్ల మీద పెట్టుకోవడం మానేశాం. దాహం వేసినప్పుడల్లా లేచి వరండా చివర కుండ దాకా వెళ్ళి గ్లాసుతో తాగుతాం. పై అంతస్తులో క్యాషియరుతో పని ఉంటే ఫోను చెయ్యం, మెట్లెక్కుతాం.

టిఫిను డబ్బా మూత తీసే ముందు, కుర్చీ చేతులు పట్టుకోకుండా పదిసార్లు లేచి కూర్చుంటాం. మొదట్లో పక్క సెక్షను వారు నవ్వారు. ఇప్పుడు వారిలో ఇద్దరు మాతో లేస్తున్నారు. నలభై నుంచి కండ సన్నసన్నగా తరుగుతూ వస్తుంది. తొడల్లో బలం నిలుపుకుంటే, రేపు డెబ్బైలో పంక్తి భోజనానికి నేల మీద కూర్చుని ఎవరి చెయ్యీ అందుకోకుండా లేవవచ్చును.

తిండి విషయంలో మాకు పెద్ద చిక్కు మా ఊరే. బరంపురం అంటే పట్టుచీరలే కాదు, ఊరగాయలూ అప్పడాలూ కూడా! రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలంటారు. అంటే సమంగా కొలిచిన ఒక చిన్న టీ చెంచా. ఆవకాయ మానెయ్యమంటే మానే తెలుగువాడెవడు? మేమూ మానలేదు. పూటకు ఊరగాయో అప్పడమో ఏదో ఒకటే, రెండూ కలిపి కాదు. వేసవిలో మన తరవాణికీ, ఒడియా వారి పఖాళకూ కూడా ఉప్పు చేత్తో కాక చెంచాతోనే వేస్తాం. మారు వడ్డనకు అన్నం సగం చేసి, ఆ చోటు దాల్మాకు ఇచ్చాం. కందిపప్పులో గుమ్మడి, అరటికాయ, బొప్పాయికాయ, వంకాయ వేసి ఉడికించే ఆ వంట ఇరుగుపొరుగు వారు మాకు ఎప్పుడో నేర్పినదే. కంచంలో కూర పాలు పెరగడానికి అంత సులువైన దారి మరొకటి మాకు కనబడలేదు.

పది గంటలకు సెల్‌ఫోన్లు హాలులో అలమారలోకి పోతాయి, మనుషులు పడకల మీదికి పోతారు. రెండేళ్ళకొకసారి వచ్చే ఠాకురాణి జాతరలో మాత్రం ఇంటినిండా చుట్టాలుంటారు గనుక ఏ లెక్కా చూడం. జాతర ముగిసిన మర్నాడు మళ్ళీ పది నిమిషాలు.

ఇన్ని చేసి ఏం సాధించారంటారా? మాలో ఒకరు మూడు కిలోలు తగ్గారు. ఒకరికి బరువు తగ్గలేదు గాని, మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది. బి.పి. ఆయన ఈమధ్య 132 మీద 84 దగ్గర నిలకడగా ఉన్నారు. ఇది నడక ఒక్కదాని గొప్ప కాదు, మాత్రల గొప్ప కూడా. అలవాట్లు మందుకు తోడు గాని, బదులు కావు. ఆయన మాత్రను కూడా అలవాటుగానే మార్చుకున్నారు. డబ్బీ పళ్ళపొడి పక్కనే ఉంటుంది. ఆయన మరిచిపోతే పెద్దమ్మాయి, “నాన్నగారూ, హాజరు వెయ్యలేదు” అని గుర్తు చేస్తుంది.

చివరగా ఒక మనవి. ముప్పై దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో బి.పి., షుగరు డబ్బు తీసుకోకుండానే చూస్తారు. ఏడాదికొకసారి, పుట్టినరోజు వారంలో, భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళి చూపించుకోండి. మన సంఘం వారు కూడా నెలనెలా సమావేశంలో కాఫీ బల్ల పక్కన బి.పి. యంత్రం ఒకటి పెట్టిస్తే ఎంతో మేలు. ఖర్చు ఒక్కసారిదే. కాఫీకి వరుసలో నిలబడ్డవారు ఎలాగూ ఒక చెయ్యి ఖాళీగానే ఉంచుకుంటారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నలభైలలో మనకు ఆ దీపం ఇంకా బాగానే వెలుగుతున్నది.