అర్ధరాత్రి దాటాక తేదీ

మా అమ్మాయి టికెట్లో 17వ తేదీ, 01:50 అని ఉంది. మా ఆయన 17 రాత్రికి టాక్సీ చెప్పేశారు. 16 మధ్యాహ్నం నేను సకినాలు చుడుతున్నాను. "అమ్మా, ఫ్లైటు ఈ రాత్రే!" అని పిల్ల కేక. పన్నెండు దాటితే తేదీ మారుతుందని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు చూడండి.

పిండి చేతులతోనే లెక్క మొదలుపెట్టాను, వెనక నుంచి. విదేశీ ప్రయాణం, మూడు గంటల ముందుండాలి. అంటే 10:50. జహీరాబాద్ నుంచి శంషాబాద్ దాదాపు 120 కిలోమీటర్లు. సంగారెడ్డి దాటి ముత్తంగిలో ఔటర్ ఎక్కితే సిటీలోకి పోయే పని లేదు. అయినా రెండున్నర గంటలు. చెరకు కాలం, ట్రాక్టర్లకు వెనక లైట్లుండవు. ఇంకో అరగంట. ఏడుమ్ముప్పావుకి గడప దాటాలి.

మేం చెప్పుకున్న డ్రైవరు వేరే కిరాయికి వెళ్లిపోయాడు. మా ఆయన ఇంకొకర్ని పట్టుకొచ్చి బేరం మొదలుపెట్టారు. నేను అడిగింది ఒక్కటే. "పగలంతా బండి నడిపినవా తమ్మీ?" పోయేటప్పుడు మాటలతో అందరం మేలుకునే ఉంటాం. భయమంతా తిరుగు ప్రయాణంలోనే. "లేదక్కా, ఇప్పుడే పండుకొని లేచిన" అన్నాడు. డబ్బు సంగతి తర్వాత.

రాత్రికి దాన్ని కూర్చోబెట్టి నెమ్మదిగా అన్నం పెడదామనుకున్నాను. కారులో పులిహోర తినిపించాను.

మూడింటికి ఇల్లు చేరాం. వంటింట్లో గుడ్డ మీద చుట్టిన సకినాలు అలాగే ఉన్నాయి, వేయించకుండా.