ఇత్తడి అతుకు

కొక్కేనికి తగిలించిన సైకిల్ గాల్లో కాసేపు ఊగి నిలిచింది. ముందు చక్రానికి అటొకటి ఇటొకటి సంచులు, వెనక మరో రెండు, క్యారియర్ మీద చుట్టకట్టిన గుడారం. త్రాసు 92 పౌండ్లు చూపించింది. మన లెక్కలో 42 కిలోలకు రవ్వంత తక్కువ. అట్లాంటిక్ తీరాన వర్జీనియాలోని యార్క్‌టౌన్ నుంచి ఆ బరువును ఇక్కడిదాకా తొక్కుకుంటూ తెచ్చినావిడకు అరవై రెండేళ్ళు. ఒహాయో రాష్ట్రంలో బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. సైకిల్ని కిందికి దించగానే ఆవిడ వంగి, వెనక చక్రం ఇరుసు దగ్గర ఫ్రేమును బొటనవేలితో తడిమి చూసుకున్నారు. ముదురు నీలం రంగు మధ్యలో అక్కడ గోరంత మేర పచ్చగా మెరుస్తోంది.

నేను చూస్తున్నానని గమనించి, "ఇత్తడి" అన్నారు. "కాన్సాస్‌లో పడ్డ అతుకు."

2018 జూలైలో సియాటిల్‌లో ఉన్న మా మేనల్లుడి దగ్గరికి వెళ్ళాను. "ఏం చూస్తావు మామయ్యా?" అని వాడు అడిగితే మిజూలా అన్నాను. "అక్కడేముంది?" అన్నాడు. సైకిళ్ళున్నాయన్నాను. వాడు ఇంకేమీ అడగకుండా కారు తీశాడు. స్పోకేన్ దాటి, లుకౌట్ కనుమ ఎక్కి దిగి, 750 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం తర్వాత మోంటానా రాష్ట్రంలో క్లార్క్ ఫోర్క్ నది ఒడ్డున ఆ ఊరు వచ్చింది. పైన్ వీధిలో ఒకప్పుడు చర్చిగా ఉన్న భవనంలో అప్పట్లో అడ్వెంచర్ సైక్లింగ్ అసోసియేషన్ కార్యాలయం ఉండేది. దూరయాత్రల సైకిల్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళకు అది పుట్టిల్లు లాంటిది. ఏ దిక్కు నుంచి తొక్కుకుంటూ వచ్చినా లోపలికి పిలిచేవారు. ఐస్‌క్రీం ఇచ్చేవారు, సైకిల్ తూచేవారు, ఫొటో తీసి గోడకు పెట్టేవారు. ఆ గోడ ముందు నిలబడి చాలాసేపు చూశాను. ఎండకు కమిలిన ముఖాలు, పక్కన దుమ్ము కొట్టుకుపోయిన సైకిళ్ళు. ఒక్క ఫొటోలోనూ సైకిల్ని వదిలి మనిషి విడిగా నిలబడలేదు.

ఈ సంస్థ పుట్టుకే ఒక ప్రయాణం. గ్రెగ్ సైపుల్, జూన్ సైపుల్ ఒక జంట. డాన్ బర్డెన్, లిస్ బర్డెన్ మరో జంట. 1972లో ఈ నలుగురూ అలాస్కాలోని యాంకరేజ్‌లో సైకిళ్ళెక్కారు. దక్షిణ అమెరికా కొస దాకా వెళ్ళాలని సంకల్పం. 1973లో మెక్సికోలో, చాక్లెటే అనే ఊరి దగ్గర ఆగినప్పుడు గ్రెగ్‌కి ఒక ఆలోచన తట్టింది. 1976లో అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చి 200 ఏళ్ళు నిండుతాయి కదా, ఆ ఏడాది వేలమంది కలిసి ఈ తీరం నుంచి ఆ తీరానికి సైకిల్ తొక్కితే ఎలా ఉంటుంది? ద్విశతాబ్దికి ఇంగ్లీషులో ఉన్న మాటలో సైకిల్‌ని కలిపి బైక్‌సెంటెనియల్ అని పేరు పెట్టింది జూన్. ఆ తర్వాత డాన్‌కు కామెర్ల జబ్బు చేసి, బర్డెన్ దంపతులు మెక్సికో నుంచే వెనుదిరిగారు. సైపుల్ దంపతులు ఆగలేదు. 1975 ఫిబ్రవరిలో టియెర్రా డెల్ ఫ్యూగో చేరారు. యాత్ర మొత్తం 18,272 మైళ్ళు, అంటే 29 వేల కిలోమీటర్ల పైమాట.

1976 వేసవిలో 4 వేల మందికి పైగా ఆ కొత్త దారి పట్టారు. వాళ్ళలో దాదాపు సగంమంది దాన్ని ఆసాంతం తొక్కారు. ట్రాన్స్ అమెరికా మార్గం అంటారు దాన్ని. ఓరెగాన్ తీరం నుంచి వర్జీనియా దాకా పది రాష్ట్రాల మీదుగా 4,250 మైళ్ళు. పెద్ద హైవేలు తప్పించి పల్లెల మీదుగా, పొలాల పక్కగా సాగుతుంది. ఆ దారి మిజూలా గుండానే పోతుంది. నేడు ఈ సంస్థ గీసిన సైకిల్ దారుల పటాలన్నీ కలిపితే దాదాపు 50 వేల మైళ్ళు. సంస్థ పాత పేరు మారి నేను వెళ్ళేనాటికి పాతికేళ్ళు అవుతున్నా, ముంగిట్లో కూర్చున్న పెద్దవాళ్ళ నోట మాత్రం ఇంకా 'బైక్‌సెంటెనియలే'.

వాళ్ళలో ఒకాయన 1976లో ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. దారి పొడవునా తొక్కి, చివరికి ఈ ఊళ్ళోనే స్థిరపడ్డారట. వేసవి సాయంత్రాలు వచ్చి కూర్చుంటారు. ఎవరు ఏ సైకిల్ మీద వచ్చారో చూడటం, దాని పుట్టుపూర్వోత్తరాలు అడగడం ఆయనకు దినచర్య. ఆ సాయంత్రం ఆయన, ఒహాయో పంతులమ్మగారు, నెదర్లాండ్స్ నుంచి వచ్చిన పాతికేళ్ళ కుర్రాడు, నేను, మా మేనల్లుడు ఒకే బల్ల చుట్టూ చేరాం. అయిదు నిమిషాల్లో మాట ఉక్కు మీదికి మళ్ళింది.

ఆవిడది ట్రెక్ 720. 1980ల తొలి సంవత్సరాల బండి. ట్రెక్ కంపెనీ 1976లో విస్కాన్సిన్‌లోని వాటర్లూలో ఒక ఎర్ర కొట్టంలో మొదలైంది. ఉక్కు గొట్టాలను చేత్తో అతికి ఫ్రేములు కట్టేవారు. పందెపు సైకిల్‌కూ దీనికీ తేడా ఏమిటో ఆ పెద్దాయన నేల మీద మోకాళ్ళూని నాకు చూపించారు. వెనక చక్రాన్ని పట్టుకునే గొట్టాలు పొడుగు. తొక్కేటప్పుడు మడమ వెళ్ళి సంచికి తగలకూడదు. ముందు ఫోర్కు బాగా వంపు తిరిగి ఉంటుంది. గతుకు వస్తే ఆ వంపు కాస్త కుంగి, చేతులకు తగిలే దెబ్బను తను తీసుకుంటుంది. పెడళ్ళ దగ్గర మూడు పళ్ళ చక్రాలు. అన్నిటికన్నా చిన్నదాని మీద చైను వేస్తే 42 కిలోల బరువుతోనూ కనుమ ఎక్కొచ్చు, నడక వేగమైనా సరే. ఫ్రేము మీద ఎక్కడికక్కడ చిన్న చిన్న మరకన్నాలు అతికి ఉంటాయి. క్యారియర్‌కు, మడ్‌గార్డుకు, నీళ్ళ సీసాకు, దేనికి దానికే. ఈ సైకిల్‌ని గీసినవాడు మొదట సంచులను తలుచుకుని, ఆ తర్వాత వేగాన్ని తలుచుకున్నాడు.

సీటు కింది గొట్టం మీద సగం చెరిగిన ముద్ర ఒకటుంది. 531 అని అంకె. ఉక్కు సైకిళ్ళ ప్రేమికులకు ఆ అంకె కులదైవం. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1841లో మేకుల తయారీతో మొదలైన రెనాల్డ్స్ కుటుంబానిదా గొట్టం. 1897లో ఆ ఇంటి మనిషి ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్ ఒక ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు. గొట్టం చివర్లు, అంటే అతుకు వేడి తగిలే చోట్లు, మందంగా ఉంటాయి. మధ్యభాగం పల్చగా ఉంటుంది. పైకి చూస్తే తేడా కనిపించదు, మందమంతా లోపలే. బలం అక్కరున్న చోట లోహం ఉంచి, అక్కర్లేని చోట తీసేశాడన్న మాట. 1935లో మాంగనీసు, మాలిబ్డినం కలిపిన 531 ఉక్కు వచ్చింది. ఆ తర్వాత నలభై యాభై ఏళ్ళు మంచి సైకిల్ అంటే అదే. పెద్దాయన వేలిగోటితో ఆ గొట్టం మధ్యలో కొట్టారు, చివర కొట్టారు. మధ్యలో కంచు పలికినట్టు పలికింది. చివర మోత మందంగా వచ్చింది. మా మేనల్లుడు కూడా వంగి కొట్టి చూశాడు.

డచ్చి కుర్రాడి సైకిల్ కొత్తది, ఉక్కుదే. ఇప్పుడు అల్యూమినియం, కార్బన్ ఇంత తేలిగ్గా దొరుకుతుంటే ఇదెందుకని అడిగాను. జవాబు పంతులమ్మగారు చెప్పారు, కాన్సాస్ కథగా.

గోధుమ కోతల కాలం. మధ్యాహ్నం ఎదురుగాలి. వెనక నుంచి కిర్రుమని చప్పుడొచ్చింది. దిగి చూస్తే ఇరుసు పట్టే ముక్క దగ్గర ఫ్రేము చీలింది. ఉక్కు మామూలుగా ఒక్కసారిగా తెగదు. ముందు చీలి, చప్పుడు చేసి, మనిషికి దిగే వ్యవధి ఇస్తుంది. మూడు మైళ్ళు నడిపించుకుంటూ పోతే కోత యంత్రాలు బాగుచేసే షెడ్డు కనిపించింది. ఆ ఏడాదికి చేతినిండా పని ఉండే వారం అది. షెడ్డతను యంత్రం కింద నుంచి బయటికొచ్చి, సైకిల్ని ఒక్క క్షణం చూసి, గ్యాసు మంట వెలిగించాడు. అల్యూమినియం అయితే అతికాక తిరిగి కొలిమి పెట్టి పదును చేయాలి, ఆ ఏర్పాటు ఏ పల్లెలోనూ ఉండదు. కార్బన్ అయితే దాని బంక, దాని నేత తెలిసినవాడు కావాలి. ఉక్కుకు మంట, ఇత్తడి కడ్డీ, చెయ్యి తిరిగిన మనిషి ఉంటే చాలు. గొట్టం చెర్రీపండు రంగుకు రాగానే ఇత్తడి కరిగి నీళ్ళలా సందులోకి పాకింది. ఇరవై నిమిషాల పని. డబ్బు తీసుకోలేదు. నీలం రంగు డబ్బా తెచ్చి పూయబోతే ఆవిడే వద్దన్నారట. రంగు కింద మళ్ళీ చీలిక వస్తే కనపడదు. పైగా, ఆ చోటు ఎవరికీ కనపడకుండా పోవడం ఆవిడకిష్టం లేదు.

"విరగని సైకిల్ మీద వెళ్ళి ఉంటే ఆ మనిషిని నేను చూసేదాన్నే కాదు" అన్నారు.

నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. తెనాలి నుంచి కొల్లిపర వైపు ఒక పల్లెబడికి ఇరవై ఆరేళ్ళు హెర్క్యులస్ సైకిల్ మీద వెళ్ళొచ్చారు. వెనక క్యారియర్‌కు పరీక్ష కాగితాల కట్ట, ముందు బారు మీద నేను. ఒక వానాకాలం కాలవగట్టు మీద వెనక చక్రం పక్క గొట్టం విరిగింది. నాన్న ఆ సైకిల్ని నడిపించుకుంటూ వచ్చి, స్టేషన్ రోడ్డు దాపున ఉన్న షాపులో ఇత్తడి వెల్డింగు పెట్టించారు. షాపాయన అతుకు అరగదీసి, నల్లరంగు వేసి, 'మాస్టారూ, ఇక ఎక్కడ విరిగిందో మీరే చెప్పలేరు' అన్నాడు. నిజంగానే చెప్పలేకపోయాం.

ఈ మాట చెప్పాక ఆ పెద్దాయన నా వైపు కాస్త ముందుకు జరిగి, నాకు అంతవరకూ తట్టని సంగతి చెప్పారు. రెనాల్డ్స్ గొట్టాల కంపెనీ 1928లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే బర్మింగ్‌హామ్ సంస్థలో కలిసింది. నాకు వెంటనే మిగతా సగం దొరికింది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో మురుగప్ప కుటుంబం సైకిల్ ఫ్యాక్టరీ పెట్టింది ఆ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసే. అక్కడి నుంచే మన పల్లెలకు హెర్క్యులస్‌లు వచ్చాయి. ఒకటి పల్చని 531, ఇంకొకటి మోటు ఉక్కు. ఒకటి ఖండం దాటడానికి, ఇంకొకటి పంతులుగారు బడికి వెళ్ళడానికి. మూలానికి పోతే రెండూ ఒక ఇంటి పేరు కిందివే. పంతులమ్మగారు తన ఐస్‌క్రీం చెంచా పక్కన పెట్టి, "మీ నాన్నగారు ఏ క్లాసుకు చెప్పేవారు?" అని అడిగారు. ఆ తర్వాత సైకిళ్ళ మాట వదిలేసి ఇద్దరం చాలాసేపు బడుల గురించే మాట్లాడుకున్నాం.

మర్నాడు పొద్దున్నే ఊరి అంచున ఉన్న ఫోర్ట్ మిజూలాకు వెళ్ళాం. ఇరవై అయిదో పదాతి దళానికి చెందిన 20 మంది నల్లజాతి సైనికులు 1897 జూన్ 14న ఇక్కడి నుంచి స్పాల్డింగ్ సైకిళ్ళ మీద బయలుదేరారు. ముందు లెఫ్టినెంట్ జేమ్స్ మాస్. గుర్రం చేసే పని సైకిల్ చేయగలదా అని సైన్యం పెట్టిన పరీక్ష అది. మంచు, బురద, ఇసుక, మండుటెండ దాటుకుంటూ 41 రోజుల్లో 1,900 మైళ్ళు తొక్కి సెయింట్ లూయీ చేరారు. గుడారం గుడ్డ, తిండి, తుపాకీ, మరమ్మతు సామాను అన్నీ వాళ్ళ సైకిళ్ళ మీదే. దారిలో విరిగినవి దారిలోనే బాగుచేసుకుంటూ పోయారు. సైన్యం ఆ ప్రయోగాన్ని తర్వాత కొనసాగించలేదు. అయినా ఖండాల మీద సైకిల్ తొక్కాలని ఈ ఊరికొచ్చే ప్రతివాళ్ళూ ఆ ఇరవైమంది వేసిన జాడలోనే ఉన్నారని ఆ మైదానంలో నిలబడ్డప్పుడు నాకు గట్టిగా అనిపించింది.

తెనాలి వచ్చాక పెరటి పాకలోంచి నాన్న సైకిల్ బయటికి తీశాను. గరుకు కాగితం తెచ్చి, వెనక చక్రం పక్క గొట్టాల మీద నల్లరంగును అంగుళం అంగుళం గీకుతూ వచ్చాను. కుడివైపు గొట్టం మీద, చైను వెనక, గోరంత పచ్చదనం బయటపడింది. నలభై ఏళ్ళుగా ఆ షాపాయన పనితనం అక్కడే ఉంది, పట్టు సడలకుండా. ఆయన ఇప్పుడు లేరు. పేరైనా నేను అడిగి ఉంచుకోలేదు.

ఓవరాలింగ్‌కి ఇచ్చాను. కొత్త చైను, కొత్త టైర్లు, బాల్ బేరింగులు. పని అయ్యాక షాపు కుర్రాడు రంగు డబ్బా మూత తీసి, "ఇక్కడ గీకేసినట్టుందండీ, పూసేయనా?" అన్నాడు.

"అక్కడొద్దు బాబూ," అన్నాను. "మిగతా అంతా వెయ్యి."