హలీమ్ గిన్నెలో రెండు అనుగ్రహాలు

రమజాన్ మాసంలో అస్ర్ నమాజు ముగించుకొని చార్మినార్ నుండి గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి మీదుగా మదీనా కూడలికి మేము నడిచినప్పుడల్లా, హలీమ్ సంగతి కంటికంటే ముందు ముక్కుకే తెలిసింది. భట్టీలపై దేగులలో గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి గంటల తరబడి ఉడుకుతుంటాయి. పొడవాటి కర్ర ఘోట్నీలతో వాటిని ఏకమయ్యేదాకా మెదుపుతుంటారు. ఈ వంటకానికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది.

పాతనగరానికి దక్షిణాన ఉన్న బార్కస్‌కు వెళితే దీని పూర్వరూపమైన హరీస్ దొరుకుతుంది. నిజాం సైన్యంలో పనిచేసిన హజ్రమౌత్ అరబ్బుల బ్యారక్‌లే బార్కస్ అయినాయి. అక్కడివారు ఉదయం ఫలహారంగా భుజించే హరీస్‌లో మసాలాలు స్వల్పం. రెండింటికీ ఆధారం గోధుమ, మాంసమే. వాటిని వేరుచేసేది చాలావరకు పరిమళమే.

నాలుక ఎరిగిన రుచులు కొన్నే: తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసరసంలోని కమ్మదనం. మిరియాల ఘాటు రుచి కాదు, మంట. ఏలకులు, దాల్చినచెక్క, పుదీనాలను గుర్తుపట్టేది ముక్కే. నమిలినప్పుడు ఆవిరులు గొంతు వెనుక దారిన ముక్కును చేరుతాయి. ముక్కు మూసుకొని ఏలకుల పొడి కలిపిన చక్కెరను నోట వేసుకోండి; తీపి మాత్రమే తెలుస్తుంది. వ్రేళ్ళు తీయగానే ఏలకి ప్రత్యక్షమవుతుంది. మా మదర్సా పిల్లలు దీనిని చూసి ఎంతో ఆశ్చర్యపడ్డారు.

ఈ అనుభవానికి ఒక క్రమమున్నది. ముద్ద నోటికి చేరకమునుపే నెయ్యి, వేయించిన ఉల్లి పలకరిస్తాయి. నమిలేకొద్దీ మసాలాలు విచ్చుకుంటాయి. మింగిన పిదప నిశ్వాసతో చివరి పరిమళం వస్తుంది. మంట మరికొంతసేపు నిలుస్తుంది. ముక్కు త్వరగా అలవాటుపడుతుంది గనుక పదవ ముద్దకు మొదటి ముద్ద సువాసన ఉండదు. నడుమ పిండుకునే నిమ్మరసం, కొత్తిమీర దానిని మళ్ళీ మేల్కొలుపుతాయి. దేగు చెంతనే పొద్దంతా నిలిచిన వంటవానికి ఆ ఘుమఘుమ దాదాపు తెలియదు. ఇంట పొయ్యివద్ద నిలిచే స్త్రీల స్థితీ ఇదే.

వయసు మీరినకొద్దీ ఘ్రాణశక్తి సన్నగిల్లడం సాధారణం. 2020 నాటి కరోనాలో ఎందరో దానిని కోల్పోయారు. అటువంటి పెద్దలకు కూర చప్పగా తోస్తుంది. నింద కోడలిపై పడుతుంది. ఉప్పు పెంచమంటారు, రక్తపోటు ఉన్నవారికి అది హానికరం. పాచిపోయిన ఆహారాన్ని, గ్యాసు లీకును పసిగట్టలేకపోవడం మరింత ప్రమాదకరం. కనుక రుచి తగ్గిందన్న పెద్దలను ముందుగా వాసన తెలుస్తున్నదా అని అడగాలి. లేదంటే వైద్యునికి చూపాలి.

దైవప్రవక్త (స) ఎన్నడూ ఆహారాన్ని తప్పుపట్టలేదు. ఇష్టమైతే భుజించేవారు, లేకుంటే విడిచిపెట్టేవారు. సూరె రహ్మాన్‌లో అల్లాహ్ ధాన్యాన్నీ, సువాసనగల మొక్కనూ ఒకే ఆయతులో ప్రస్తావించాడు. ఈ రెండవ అనుగ్రహం తగ్గినవారిపై కరుణ చూపడం, వండినవారిని నిందించకుండడం మన ఇళ్ళలో ఆ అనుగ్రహాలకు చెల్లించవలసిన కృతజ్ఞత.