పాత సామాన్లవాడిని పిలిచే ముందు

యంత్రం పాతబడిందని ఎవరు తేల్చాలి? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగించింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని కంప్యూటర్లను విండోస్ 11 గడప దాటనివ్వదు. కీబోర్డు బాగుంది, తెర బాగుంది. అయినా పక్కన పడేయాలట!

నా ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. హార్డ్ డిస్కు ముట్టుకోకుండా ముందు పెన్‌డ్రైవ్ మీదే నడిపి, వైఫై దొరుకుతోందా, స్పీకర్లు పలుకుతున్నాయా చూసుకోవచ్చు. అసలు గండం తర్వాత ఉంది. డిస్కు మొత్తం చెరిపేయమంటారా అని అడిగే తెర దగ్గర ఎంతటివాడికైనా చెయ్యి ఆగుతుంది. ఫొటోలు వేరేచోట దాచామా లేదా అని మళ్లీ వెతుక్కుంటాం. ఆ భయం ఉండాల్సిందే.

1991లో హెల్సింకిలో చదువుకుంటూ లినస్ టోర్వాల్డ్స్ సరదాకి మొదలుపెట్టిన లినక్స్ కెర్నలే మింట్‌కు గుండెకాయ. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నదీ ఇదే. అంటే ఎప్పటినుంచో జేబులో మోస్తూనే ఉన్నాం. మింట్‌లో తెలుగు టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక కూడా ఉంది, సెట్టింగుల్లో కలుపుకుంటే చాలు.

ఇబ్బందులూ ఉన్నాయి. లినక్స్‌లో కొన్ని ప్రింటర్లు మొరాయిస్తాయి. విండోస్ మీద నడిచే పేజ్‌మేకర్, అను ఫాంట్లతో బతికే డీటీపీ వాళ్లకైతే దీన్ని నేను సిఫార్సు చెయ్యను. మిగతావాళ్లు మాత్రం పాత కంప్యూటరును తూకానికి వేసే ముందు ఒక్క సాయంత్రం మింట్‌కు ఇచ్చి చూడండి.