బూట్లకు గలీబులు

నాటకమనగానే ముఖమునకు పూయు రంగును, తలపై నుంచు కిరీటమును తలచుకొందుము. పాదములు జ్ఞప్తికి రావు. కాని వేదిక కొంచెము ఎత్తుగా నున్నచో ముందు వరుసవారి కన్నుల యెదుట నుండునవి నటుని పాదములే. అట్టి నాలుగు జతల పాదములను గూర్చి మేము కొందరము మూడు వారములు శ్రమపడితిమి. ఎందులకు పడితిమో చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

జాతీయ సేవా పథకము శిబిరమునకై మైపాడు సముద్రతీరమునకు చేరువనున్న ఒక పల్లెకు పోవలసి యుండెను. చివరి రాత్రి పల్లెవారి యెదుట ఆడుటకు వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయమునుండి కొన్ని రంగములు ఎన్నుకొంటిమి. 1897లో వెలువడిన ఈ నాటకమునకును నెల్లూరికిని గల సంబంధము పాతది. ఇచ్చటి ఆంధ్ర భాషాభిమాని సమాజమువారు శాస్త్రిగారి నాటకములను ఆడినవారు. ఓరుగంటి రాజును ఢిల్లీవారు పట్టుకొనిపోగా, మంత్రి యుగంధరుడు పిచ్చివాని వలె నటించి సుల్తానునే పట్టి తెచ్చుట ఇందలి కథ. చరిత్ర వేరు. 1323లో ఓరుగల్లు కూలిన పిదప ప్రతాపరుద్రుడు ఢిల్లీకి చేరకయే నర్మదాతీరమున మరణించెనని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. నేలపై పోయిన గెలుపును శాస్త్రిగారు రంగస్థలముపై తెచ్చి యిచ్చిరి.

ఈ నాటకమున అందరును ముచ్చటించునది పాత్రోచిత భాష. రాజును మంత్రియు గ్రాంథికము పలుకుదురు. చాకలి పేరిగాడు తన వాడుక మాటయే పలుకును. ఢిల్లీ పక్షపు వలీఖాను మొదలగువారు ఉర్దూ యాస కలిసిన తెలుగు పలుకుదురు. ఆనాడు దీనిని మెచ్చినవారును, తప్పుపట్టినవారును గలరు. ఉర్దూయు తెలుగును ఒకే నడవలో వినవచ్చు మా కళాశాలలో ఇది పుస్తకములోని చర్చ మాత్రమే కాదు. వలీఖాను వేషమునకు ఎన్నికైన మిత్రుని ఇంట పలుకునది ఇంచుమించు అట్టి తెలుగే. అందుచే ఆ సంభాషణలను శిష్టభాషలోనికి మార్చుదమని మాలో కొందరనిరి. అతడు ఒప్పుకొనలేదు.

“అది మా నాన్నమ్మ మాట్లాడే తెలుగబ్బా. దాన్ని దిద్దబాకండి. మాటకు నవ్వితే నవ్వనీండి. వేషం చూసి నవ్వేటట్టయితే మాత్రం నేను వెయ్యను,” అనెను.

అతని మాటలోని బరువు వేషములు అద్దెకిచ్చు ఒక అంగడికి పోయిన దినమున మాకు తెలిసినది. సుల్తాను కొలువువారికని వారు చూపినవి ఒక జిగేలుమను ఆకుపచ్చ అంగీ, గళ్ళ లుంగీ, ముందు వంపు తిరిగిన అట్ట చెప్పులు. ఆ చెప్పులతో గుఱ్ఱమెక్కుట అటుండ, వేదిక మెట్లెక్కుటయే కష్టము. వలీఖాను హాస్యగాడు కాడు. ఒక రాజును చెరపట్టగలిగిన యోధుడు. అతనిని చూచి ప్రేక్షకుడు జంకనిచో యుగంధరుని ప్రతిజ్ఞకు విలువ యేమున్నది? మాటకు పాత్రోచితి యున్నప్పుడు పాదరక్షకు ఏల యుండరాదని మాలో ఒకడు అడిగెను. అతనికిని, అతని ముగ్గురు భటులకును మోకాలి వరకు బూట్లుండవలెనని నిశ్చయించితిమి. నిజమైన తోలు బూట్లు నాలుగు జతలు తెచ్చినచో మా స్వల్పనిధిలో దీపములకును తెరకును ఏమియు మిగులదు.

బూటు దొరలతో వచ్చినదని పలువురనుకొందురు. మథుర వస్తుప్రదర్శనశాలలోని తల లేని కనిష్కుని విగ్రహమును చూచినవారు అట్లనుకొనరు; శిరస్సు పోయినను ఆ బరువైన బూట్లు చెక్కు చెదరలేదు. సూర్యునికి ఉదీచ్యవేషము, అనగా ఉత్తరదేశీయుల వేషము వేసి, పాదములనుండి వక్షము వరకు కప్పవలెనని వరాహమిహిరుడు బృహత్సంహితలో వ్రాసెను. కనుకనే ఉత్తరాది సూర్యవిగ్రహములు పెక్కింటికి ఎత్తైన బూట్లుండును. దక్షిణాది సూర్యుడు వట్టి కాళ్ళతో నిలుచును. మాకు ఇంతకంటె మంచి ఆధారమేల? ప్రతాపరుద్రుడు వట్టి పాదములతోను, వలీఖాను బూట్లతోను నడచుటకు తీర్మానించితిమి. దీనివలన ఇంకొక లాభము కలిగినది. పేరిగాడు రాజు పోలికలు గలవాడు; వానికి రాజవస్త్రములు కట్టి రాజుగా చూపినప్పుడు పాదముల విషయమున మార్పవలసినది ఏమియు లేకపోయెను.

నేటి యువకులు ‘కాస్‌ప్లే’ అను పేర చిత్రకథలలోని వీరుల వేషములు ధరింతురు. ఆ మాట 1980వ దశకమున జపానులో పుట్టినది. వారు నిజమైన బూట్లు కొనక, మామూలు జోళ్ళపై బట్టతొడుగులు కుట్టి తొడుగుకొందురని మా ప్రథమ సంవత్సరపు విద్యార్థి యొకడు చెప్పెను. వలీఖాను మిత్రుని ఖాలా నెల్లూరిలో ఇంటివద్దనే జాకెట్లు కుట్టుదురు. సంగతి విని ఆమె నవ్విరి.

“బూటుకు గలీబా? దిండుకైతే నాలుగు మూలలుంటాయి బేటా. కాలికి మూలలేవి?”

ఉర్దూ గిలాఫే తెలుగింట దిండు గలీబైనది. పారసీకమున మోజా యనగా బూటు. ఉర్దూలోనికి వచ్చుసరికి అది కాలికి తొడుగు మెత్తని బట్ట. తెలుగు మేజోడు వినుటకు దానికి సోదరి వలె నున్నది. బూటు గుడ్డయైనది, మేము గుడ్డను బూటు చేయబూనితిమి!

ఖాలా అడిగిన మూలల ప్రశ్నయే ఈ పనిలోని అసలు చిక్కు. కాలు పిక్కవద్ద ఉబ్బి, చీలమండవద్ద సన్నగిలి, అటుపై ముందునకు వంగి పాదమగును. బల్లపరుపుగా నుండు గుడ్డను దానికి అమర్చుట యెట్లు? పిల్లవాడు చెప్పిన ఉపాయము చిత్రమైనది. నటునికి తెల్లని కాన్వాసు జోడు తొడిగి, మోకాలి వరకు పలుచని ప్లాస్టిక్కు పొర చుట్టి, దానిపై అట్టపెట్టెలకు అంటించు టేపును బిగువుగా అతికించితిమి. ముందు ఎముక వెంబడి వ్రేలికొన వరకు ఒక గీత, వెనుక పిక్క మీదుగా మడమ వరకు ఒక గీత, అడుగు చుట్టును ఒక గీత గీచి, వెనుక గీతపై కత్తెర నడిపితిమి. కాలు ఊడివచ్చినట్లు ఆ ఒర ఊడివచ్చెను. ముందు గీతపైని కూడ కత్తిరింపగా రెండు ముక్కలైనవి. చీలమండ వంపువద్ద అవి నేలకు అణగలేదు. అచ్చట రెండు చిన్న గాట్లు పెట్టగానే పరచుకొన్నవి. కాగితముపై ఆ రూపమును దింపి, కుట్టునకు అర అంగుళము, అడుగున మడచుటకు ఒకటిన్నర అంగుళము ఖాలా కలిపిరి.

బట్ట విషయమున చర్చ జరిగినది. తోలు వలె కనబడునది రెక్సిను. కాని సముద్రతీరపు ఉక్కలో రెక్సినులోని కాలు ఉడికిపోవును, సాగదు కనుక చీలమండవద్ద ముడుతలు పడి పగులును. సాగుడు బట్ట కాలికి అంటుకొని మేజోడు వలెనే కనబడును. ఖాలా దళసరి నూలుబట్ట తెప్పించి, “క్రాసు కటింగు చేస్తే అదే సాగుతుంది,” అనిరి. జాకెట్టు ఒంటికి పట్టియుండుటకు దర్జీలు చేయునదియే ఇది. పడుగు పేకలకు ఏటవాలుగా కోసిన నేతబట్ట రబ్బరు వలె కొంత సాగి, మరల సర్దుకొనును. మొదట కచ్చా కుట్టు వేసి తొడిగి చూచి, పిమ్మట మిషనుపై కుట్టిరి. లోపల అస్తరు, పైఅంచు జారకుండుటకు చొక్కా కాలరులో వేయు గట్టి కాన్వాసు, వెనుక కుట్టులో జిప్పు. గోధుమవన్నె రంగు మేమే వేసితిమి.

మిగిలినది అడుగు. జిగురు పూసి జోడు అంచునకు అతికింపవచ్చును గాని, మరునాడు ఆ జోడు వ్యాయామమునకు కావలెను. అరికాలి క్రింద ఎలాస్టిక్కు పట్టీ కుట్టినచో ఇసుకలో కాలు దిగబడి లేచునప్పుడు అది సాగి, తొడుగు పైకి వచ్చుచుండెను. శిబిరమున ఇది చూచిన ఒక మత్స్యకార యువకుడు ఏమియు అనక ఇంటికి పోయి, వల అల్లు నైలాను దారము తెచ్చెను. రెండు అంచులను కలుపుచు అడుగున మూడు వరుసలు పోసి, వలముడి వేసెను. అది సాగదు, ఇసుకను పట్టుకొనదు. అతని వ్రేళ్ళ వేగము మాకు ఇప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది.

ఆ రాత్రి బల్లలు వేసి కట్టిన వేదికపై వలీఖాను ప్రవేశించినప్పుడు అతని అడుగుల చప్పుడు మొదట వినబడెను. ముందు వరుస పిల్లలు వెనుకకు జరిగిరి. అతడు నోరు విప్పగానే జనము నవ్విరి. శాస్త్రిగారు కోరినదియు అదియే కావచ్చును. ఆ నవ్వు మాకు కొంచెము గ్రుచ్చుకొన్నది, దాచనేల? కాని అతడు రెండడుగులు ముందునకు వేసి నిలువగానే నవ్వు ఆగెను. తెర పడిన పిమ్మట ఒక ముసలమ్మ వేదిక వెనుకకు వచ్చి, అతని కాళ్ళను తడిమి చూచి, “గుడ్డేనా నాయనా? నేను నిజంగా తోలే అనుకున్నా. ఈ ఉక్కలో కాళ్ళు ఉడకలేదా?” అని అడిగెను. ఉడకలేదని అతడు తన నాన్నమ్మ తెలుగులోనే బదులిచ్చెను. ఆమె నవ్వలేదు. మజ్జిగ తెప్పించెను.

ఆ నాలుగు జతలు ఉతికి, ఎండబెట్టి, కాగితములు కూరి, నాటకశాఖ పెట్టెలో నుంచితిమి. కూరనిచో పిక్కవద్ద మడతపడి ఆ గీత మరల పోదు. నమూనా కాగితములు ఖాలా వద్దనే యున్నవి. వచ్చే యేడు నటులు పొడవైనవారైనచో నెల దినములు ముందుగా చెప్పవలెననియు, పండుగ రోజులలో మిషను ఖాళీ యుండదనియు ఆమె కబురంపిరి.