ఆగిన కారులో ఆగని కరెంటు

మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో ఒకరి దగ్గర కారు డ్రైవరు. యజమానికి కొల్లేరు వైపు, కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. చెరువు గట్టు మీద రెండు రోజులు ఆగితే చాలు, మూడో రోజు కారు స్టార్టయ్యేది కాదు. అక్కడ తోసేవాళ్లూ దొరకరు. "నువ్వే లైట్లు ఆర్పడం లేదు, కొత్త బ్యాటరీ డబ్బు నీ జీతంలో పట్టుకుంటాను" అన్నారట ఆయన.

సంక్రాంతి సెలవుల్లో నా మల్టీమీటర్ పట్టుకెళ్లాను. ముందు టెర్మినళ్ల చిలుము వేడినీళ్లతో కడిగాం. ఫుల్ ఛార్జి చేసిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది. ఇంజను నడుస్తుండగా 14 పైనే ఉంది. అంటే బ్యాటరీ, ఆల్టర్నేటరు రెండూ బాగానే ఉన్నాయి.

తాళం తీసి, నెగెటివ్ వైరు విప్పి, మీటరును 10 ఆంపియర్లలో పెట్టి మధ్యలో కలిపాం. (అలా ఉండగా స్టార్ట్ చేయకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది.) అరగంట ఆగాక 0.6 ఆంపియర్లు! ఉండాల్సింది 0.05 లోపే. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఆ లెక్కన 58 గంటల్లో ఖాళీ.

ఫ్యూజులు ఒక్కొక్కటే లాగాం. మ్యూజిక్ సిస్టమ్‌ది తీయగానే 0.03కు పడిపోయింది. తర్వాత బిగించిన ఆంప్లిఫయరుకు తాళం తీసినా కరెంటు వెళుతోంది. ఏలూరులో ఆటో ఎలక్ట్రీషియన్ ఆ వైరు మార్చారు.

యజమాని జీతం కోయలేదు. "నేనే మరిచిపోతున్నానేమో అని నాకే అనుమానం వచ్చిందిరా" అన్నారు నాన్నగారు.

తమ్ముళ్లూ, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మీలో చాలామందీ అంతే. మనవాళ్ల మీద నింద పడితే వాదించే ముందు కొలిచి చూపండి. మన చదువు ముందుగా ఉపయోగపడాల్సింది అక్కడే.