వడ్డించేవాడు మనవాడైతే

మా ఇంట్లో గొడవలు మామూలుగా రెండు విషయాల మీదే వస్తాయి. చలికాలం హీటర్ ఎంతలో పెట్టాలి, శనివారం సామాన్లకి ఎవరు వెళ్ళాలి. 2024 అక్టోబర్లో మూడోది చేరింది. డవాంటే ఆడమ్స్ ని ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

ఆడమ్స్ ఎవరో మాకెందుకమ్మా అనకండి. మొన్నమొన్నటిదాకా నాకూ తెలీదు. మేముండేది ఎడిసన్ లో. పేరుకి న్యూయార్క్ జెట్స్ గానీ వాళ్ళ స్టేడియం మా న్యూజెర్సీలోనే ఉంది. ఇన్నేళ్ళలో ఆ దారిన ఎన్నోసార్లు వెళ్ళాను కానీ లోపల ఏం జరుగుతుందో పట్టించుకోలేదు. మా ఆయనా, పదిహేనేళ్ళ మా వాడూ కలిసి ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడతారు. మా తెలుగువాళ్ళే పది ఇళ్ళవాళ్ళు. ఆగస్టు చివర్లో ఒక ఇంట్లో కూర్చుని, బిర్యానీ తింటూ, నిజం ఆటగాళ్ళని వంతులవారీగా పంచుకుంటారు. ఆ తర్వాత ప్రతి వారం మన జాబితాలో వాళ్ళు నిజం ఆటలో ఏం చేస్తే అవి మనకి పాయింట్లు. పట్టిన ప్రతి బంతికీ 1, ప్రతి 10 గజాలకీ 1, టచ్‌డౌన్‌కి 6. వాళ్ళ టీమ్ గెలిచిందా ఓడిందా అన్నది మనకి అక్కర్లేదు. మనవాడి చేతికి బంతి ఎన్నిసార్లు వచ్చింది, దాంతో ఎంత దూరం వెళ్ళాడు, అంతే లెక్క.

ఆ ఏడు ఆడమ్స్ ని ఏరి కోరి తీసుకుంది మా ఆయన. రిసీవర్. అంటే పరిగెత్తుకుంటూ వెళ్ళి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పట్టేవాడు. అప్పుడు లాస్ వేగస్ రైడర్స్ లో ఉన్నాడు. మూడు ఆటలాడాడు, తొడ కండరం పట్టేసింది, తర్వాతి మూడు ఆటలూ బెంచీ మీదే. ఈలోగా నన్ను ఇంకో టీమ్‌కి పంపేయండి అన్నాడు. అక్టోబర్ 15, మంగళవారం, జెట్స్ వాళ్ళు తీసుకున్నారు. బదులుగా రైడర్స్ కి ఇచ్చింది మూడో రౌండ్ పిక్ ఒకటి. అతను బాగా ఆడితే అది రెండోది కావచ్చట. 2022లో గ్రీన్ బే నుంచి ఇదే మనిషిని తెచ్చుకోవడానికి రైడర్స్ ఒక మొదటి రౌండు, ఒక రెండో రౌండు పిక్కులు ఇచ్చారు. రెండున్నరేళ్ళలో ధర అలా పడిపోయింది. పాతబంగారం అమ్మడానికి వెళ్తే తరుగు తీసినట్టు!

అదే రోజు అమారి కూపర్ అనే ఇంకో సీనియర్ రిసీవర్ ని బఫెలో బిల్స్ తీసుకున్నారు. సాయంత్రానికల్లా లీగ్ లో ఒకాయన దగ్గర్నుంచి మావాళ్ళకి కబురొచ్చింది. మీ ఆడమ్స్ ని ఇవ్వండి, మా కూపర్ నీ, ఇంకో కుర్ర రన్నింగ్ బ్యాక్ నీ ఇస్తాం అని.

భోజనాల దగ్గర మా వాడు మొదలెట్టాడు. "ఇచ్చేద్దాం నాన్నా. పేరుంది కాబట్టి ఇప్పుడే అమ్ముకోవాలి. డిసెంబర్లో 32 వస్తాయి. రిసీవర్ కి ముప్ఫై దాటితే ఇంక అయిపోయినట్టే. కాళ్ళు పోతాయి. ఇప్పటికే గాయం. కొత్త టీమ్ లో ఎవడు నేర్పుతాడు ఇప్పుడు వీడికి?"

మా ఆయన పప్పుచారు కలుపుతున్న చెయ్యి ఆగింది.

ఇక్కడ మీకో మాట చెప్పాలి. ఆయన ఉద్యోగం ఆ ఆగస్టులోనే పోయింది. పద్నాలుగేళ్ళు చేసిన కంపెనీ. గ్రీన్ కార్డు వచ్చేసింది కాబట్టి దేశం వదిలి వెళ్ళాలన్న భయం లేదు గానీ, ఇంటి లోన్ ఉంది. నలభై ఎనిమిదేళ్ళు. ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి, మీ అనుభవం చాలా ఎక్కువండీ అని మర్యాదగా చెప్తున్నారు, ఆ తర్వాత ఫోన్లు రావట్లేదు. మా వాడికి ఉద్యోగం పోయిందని తెలుసు, ఈ ఫోన్లు రాకపోవడం సంగతి తెలీదు.

నాకు వాణ్ణి ఒక్కటి వెయ్యాలనిపించింది. కానీ ఏమని తిడతాను? వాడు మాట్లాడుతోంది ఫుట్‌బాల్ గురించి. మా ఆయన మాత్రం, "చూద్దాంలేరా" అని కంచం తీసుకుని లేచిపోయారు.

ఇద్దరూ చెరో మాట మీద ఉన్నారు కాబట్టి మూడో ఓటు నాదన్నారు. నాకు రెండు రోజుల టైము ఇచ్చారు. పాల లెక్కలు రాసే పుస్తకంలో చివరి పేజీ తీసి కూర్చున్నాను. నవ్వకండి. చీటీ పాట ఏ నెలలో ఎత్తాలో లెక్కలేసిన అమ్మకి పుట్టిన కూతుర్ని, ఇదేం బ్రహ్మవిద్య కాదనిపించింది.

మొదట చూసింది, ఆడమ్స్ కి బంతి ఎవరు వేస్తారు? జెట్స్ క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్. వీళ్ళిద్దరూ గ్రీన్ బేలో 2014 నుంచి 2021 దాకా ఎనిమిది సీజన్లు కలిసి ఆడారు. అక్కడ రాడ్జర్స్ చేతి నుంచి ఆడమ్స్ పట్టిన టచ్‌డౌన్లు ప్లేఆఫ్స్ కాకుండానే 68. అంటే మా వాడన్నట్టు కొత్త టీమే గానీ, కొత్త మనిషి కాదు. ఎక్కడ తిరుగుతాడో, ఎప్పుడు ఆగుతాడో నోటితో చెప్పకుండానే ఆయనకి తెలుసు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా. మన భాషలో భోజనాల వరసనీ బంతే అంటాం, ఆడుకునేదాన్నీ బంతే అంటాం. ఫాంటసీ లెక్కకి ఇంతకన్నా మంచి సామెత ఎక్కడ దొరుకుతుంది?

కూపర్ సంగతికొస్తే, బఫెలో మంచి టీమ్. జాష్ ఆలెన్ లాంటి క్వార్టర్‌బ్యాక్. మా వాడి వాదనంతా ఇదే, గెలిచే టీమ్ లో ఉంటే మంచిది కదా అని. కానీ ఆ ఏడు బఫెలో వాళ్ళ పద్ధతి అందరికీ తలో ముద్ద. ఒకడికే అని పెట్టరు. టీమ్‌కి అది మంచిదే. మన పాయింట్లకి కాదు. నిండు విస్తళ్ళున్న పెళ్ళిలో మన విస్తట్లోకి ఏం పడిందన్నది వేరే సంగతి.

ఆడమ్స్ కి ఎదురు లెక్క కూడా రాశాను, అన్యాయంగా ఉండకూడదని. జెట్స్ లో అప్పటికే గారెట్ విల్సన్ అనే కుర్ర రిసీవర్ ఉన్నాడు, బంతుల్లో పెద్ద వాటా అతనిదే. రాడ్జర్స్ కి నలభై. అంతకు ముందు ఏడాది మొదటి ఆటలోనే మడమ వెనక నరం తెగి సీజనంతా ఇంట్లో ఉన్నాడు. ట్రేడ్ కి వారం ముందే కోచ్ ని తీసేశారు. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఇంకోటి. 2022లో ఆడమ్స్ రైడర్స్ కి వెళ్ళినప్పుడు కూడా ఇదే కథ. అక్కడి క్వార్టర్‌బ్యాక్ డెరిక్ కార్ కాలేజీ రోజుల నేస్తం. ఆ ఏడాది 100 బంతులు పట్టి, 1516 గజాలు, 14 టచ్‌డౌన్లు చేశాడు. సీజన్ అయ్యాక కార్ ని పంపేశారు. వడ్డించేవాడు మనవాడే గానీ, గరిటె వాడి చేతిలో ఎన్నాళ్ళుంటుందన్నది ఎవరికి తెలుసు?

ఇవన్నీ కూడి తీసేసి ఉంచుకుందామని ఓటేశాను. "అమ్మా, నువ్వు నాన్న మొహం చూసి చెప్పావు," అన్నాడు మా వాడు. లెక్క చూపించాను. నిజం చెప్పొద్దూ, ముందు మొహమే చూశాను, లెక్క తర్వాత వేశాను. అయినా లెక్క తప్పేం కాదు.

అక్టోబర్ 20. పిట్స్‌బర్గ్ లో మొదటి ఆట. జెట్స్ 37-15తో ఓడిపోయారు. ఆడమ్స్ 3 బంతులు, 30 గజాలు. మాకు 6 పాయింట్లు. అదే రోజు కూపర్ బఫెలో తరఫున 4 పట్టి, 66 గజాలు వెళ్ళి, ఒక టచ్‌డౌన్ కొట్టాడు. 16.6. మా వాడు ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉంది. ఆ రాత్రి గిన్నెలు తోముతుంటే మా ఆయన వచ్చి పక్కన నిలబడి, తుడుస్తూ, "వాడు చెప్పింది నిజమేనేమో," అన్నారు. దేని గురించో నేను అడగలేదు. "ఒక్క వారమేగా," అన్నాను.

హాలోవీన్ రోజు గురువారం ఆట. తలుపు దగ్గర పిల్లలకి చాక్లెట్లు పంచుతూ ఒక కన్ను టీవీ మీద వేశాను. ఆడమ్స్ 7 బంతులు, 91 గజాలు, ఒక టచ్‌డౌన్. 22.1. గారెట్ విల్సన్ ఆ రోజు ఒంటి చేత్తో పట్టిన బంతి గురించి ఊరంతా మాట్లాడుకున్నారు. మా ఇంట్లో మాత్రం ఆడమ్స్ గురించే. ఒకడికే బంతులన్నీ పోతాయన్న నా భయం కూడా తగ్గింది. ఇద్దరున్నప్పుడు అవతలివాళ్ళు ఇద్దరినీ కాయాలి కదా.

నవంబర్లో మా ఆయనకి పాత మేనేజర్ ఫోన్ చేశారు. ఎప్పుడో పదేళ్ళ క్రితం కలిసి పని చేసినాయన, ఇప్పుడు న్యూయార్క్ లో వేరే చోట ఉన్నారు. ఇంటర్వ్యూ అని పేరుకి పెట్టారు గానీ అరగంట పాత కబుర్లేనట. జీతం ముందుకన్నా తక్కువ. వారానికి మూడు రోజులు రైలెక్కాలి. డిసెంబర్ మొదటి వారంలో చేరారు. మంచి మాటే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మేనేజర్ గారు అక్కడ ఎన్నాళ్ళుంటారో అని ఆలోచించుకుంటూ పడుకున్నాను. డెరిక్ కార్ నా బుర్రలోంచి పోతేగా!

డిసెంబర్ 15 ఆదివారం మా లీగ్ లో సెమీఫైనల్. నేను గారెలు వేస్తున్నాను. జాక్సన్‌విల్ తో ఆట. నాలుగో క్వార్టర్లో హాల్లోంచి ఇద్దరూ ఒకేసారి అరిచారు, పిండి చేత్తోనే పరిగెత్తాను. 71 గజాల టచ్‌డౌన్. ఆ రోజు మొత్తం 9 బంతులు, 198 గజాలు, 2 టచ్‌డౌన్లు. 40.8 పాయింట్లు. ఇంకో పక్క కూపర్ బఫెలోలో ఆ సీజన్ మొత్తం మీద పట్టినవి 20 బంతులు. మా వాడు సోఫాలోంచి లేచి వాళ్ళ నాన్నని గట్టిగా పట్టుకున్నాడు. ఈ వయసు పిల్లలు అలా చేసి ఎన్నాళ్ళయిందో తల్లులకి తెలుసు. పొయ్యి మీద ఒక వాయి గారెలు నల్లగా మాడాయి.

ఫైనల్లో ఓడిపోయాం. అదేమంత చెప్పుకోదగ్గ ఆట కాదు.

మార్చిలో జెట్స్ ఆడమ్స్ ని వదిలేశారు. రాడ్జర్స్ నీ ఉంచుకోలేదు. ఆడమ్స్ లాస్ ఏంజిలస్ రామ్స్ కి వెళ్ళాడు. ఆగస్టులో మళ్ళీ లీగ్ పంపకాలు. ఈసారి మా ఆయన ఆఫీసు నుంచి ఇంకా రాలేదు, రైల్లో ఉన్నారు. మా వాడే కూర్చున్నాడు. కొన్ని రౌండ్లయ్యాక స్పీకర్ లో పెట్టి, "నాన్నా, ఆడమ్స్ ఇంకా ఉన్నాడు. తీసుకోనా?" అన్నాడు.

"మీ అమ్మనడుగు," అన్నారాయన.

"బంతి వేసేదెవర్రా?" అన్నాను.

"స్టాఫర్డ్. 37 ఏళ్ళు. నడుం నొప్పని ప్రాక్టీసుకే సరిగ్గా రాలేదంట."

"నడుం నొప్పి ఎవరికి లేదు గానీ, తీసుకో," అన్నాను.